బీల దాటి సముద్రానికి: ఉద్దానంలో పిల్లాపాపలతో నడక

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో తూర్పు కనుమలు సముద్రానికి బాగా దగ్గరగా వస్తాయి. ఒడిశా సరిహద్దులోని మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. మందస దగ్గర నిలబడితే వాయవ్యాన ఆ కొండ కనిపిస్తుంది. తూర్పుకి తిరిగి కొబ్బరితోటల్లో పడి నడిస్తే ఒక పూటలో సముద్రం వస్తుంది. కొండకీ కడలికీ మధ్యనున్న ఈ సన్నని పట్టీలోనే జాతీయ రహదారి, హౌరా-చెన్నై రైలుమార్గం, పలాస జీడిపప్పు కర్మాగారాలు, ఉద్దానం అని పిలిచే ఈ తీరపు తోటలు అన్నీ ఇమిడి ఉన్నాయి. తోటలు అయిపోగానే సముద్రం వచ్చేస్తుందనుకుంటారు కొత్తవాళ్లు. చాలాచోట్ల రాదు. నడుమ ఒక పల్లపు బయలు ఉంటుంది. సోంపేట వైపు దాన్ని బీల అంటారు, సంతబొమ్మాళి వైపు తంపర అంటారు. వానాకాలంలో నీట మునుగుతుంది. చలికాలంలో పచ్చికతో, మేసే పశువులతో, కొంగలతో నిండుగా ఉంటుంది. ఎండలు ముదిరేసరికి అంచులు నెర్రెలిస్తాయి. ఆ బయలుకీ అలలకీ మధ్య అడ్డంగా ఇసుక దిబ్బ ఉంటుంది. దిబ్బ ఎక్కి నిలబడితే వెనక మంచినీటి పల్లం, ముందు ఉప్పునీటి సముద్రం. ముసలివాళ్లతో, పిల్లలతో కుటుంబమంతా కలిసి నడవడానికి ఈ జిల్లాలో ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టం.

ఈ నేల ఇలా ఏర్పడడానికి కారణం సముద్రమే. నైరుతి రుతుపవనాల నెలల్లో అలలు తీరాన్ని ఏటవాలుగా తాకుతాయి. వాటితో పాటు ఇసుక ఒడ్డు వెంబడి ఉత్తరానికి కదులుతూ పోతుంది. అలా పేరుకున్న ఇసుకను గాలి పైకి ఎగదోసి దిబ్బలు కడుతుంది. కొండల నుంచి దిగివచ్చే గెడ్డలకు ఆ దిబ్బలే అడ్డుకట్టలు. నేరుగా సముద్రంలో కలవలేక గెడ్డ నీళ్లు దిబ్బ వెనక పల్లంలో పరుచుకుంటాయి. ఒండ్రు చేరుతుంది, జమ్ము, తుంగ మొలుస్తాయి, చేపలు పెరుగుతాయి. దిబ్బలోకి ఇంకిన వాననీరు కూడా వృథాగా పోదు. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి, ఇసుక లోపల ఉప్పునీటి మీద అది పొరగా నిలుస్తుంది. అందుకే సముద్రానికి కూతవేటు దూరంలో చలమ తవ్వినా తియ్యటి నీరు ఊరుతుంది. తీరంలో ఒక ఊరి పేరే మంచినీళ్లపేట.

ఇలా బయలూ కడలీ కలిసే చోట్లు ఇతర దేశాల్లో నడకకు పేరుమోసినవి ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ఎక్స్‌మూర్ అనే ఎత్తైన బీడు నేల సముద్రం అంచుదాకా వచ్చి ఆగుతుంది. ఆ అంచున మైన్‌హెడ్ ఊళ్లో మొదలయ్యే నైరుతి తీర కాలిబాట పొడవు 630 మైళ్లు, అంటే వెయ్యి కిలోమీటర్ల పైమాటే. అక్కడ 2000లో వచ్చిన చట్టం, గుర్తించిన బీడు, కొండ భూముల్లో కాలినడకన తిరిగే హక్కును అందరికీ ఇచ్చింది. ఉద్దానంలో అలా పేరుపెట్టి, రాళ్లు పాతి చూపించిన కాలిబాట లేదు. ఉన్నవన్నీ పనిబాటలు: జీడిపిక్కలేరేవాళ్లు తోటలోకి వెళ్లే దారి, పశువుల్ని బీలకి తోలుకెళ్లే దారి, వలలు మోసుకుని దిబ్బ దాటే దారి. అవి ఎవరో ఒకరి తోట గట్టు మీదుగానే పోతాయి. ఎదురైన పెద్దావిడను "అమ్మా, ఈ దారి సముద్రానికి పోతాదా?" అని అడిగితే చాలు, దారితో పాటు గేటు ఎక్కడుందో, కుక్క ఎక్కడుందో కూడా చెబుతారు. అడక్కుండా కంచె దాటడం మాత్రం తగదు. ఆ తోట ఒక ఇంటి ఏడాది తిండి.

నడకకు అనువైన కాలం నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. అప్పటికి బీలల్లో నీరు తగ్గి గట్లు ఆరుతాయి, పక్షులు ఉంటాయి, పొద్దున పది గంటల దాకా ఎండ హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో తుపాన్లు పుడతాయి కాబట్టి బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరిక వినడం తప్పనిసరి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. ఆ ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు లెక్కలేనన్ని నేలకొరిగాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి అయిదారేళ్లు పడుతుంది, నిండు కాపుకి ఇంకా ఎక్కువ. ఈనాడు తోటల్లో వయసు మళ్లిన చెట్ల పక్కన ఒకే ఎత్తులో వరుసగా కనిపించే లేత చెట్లు చాలావరకు ఆ తుపాను తర్వాత నాటినవే. పిల్లలకు చూపించి చెప్పదగ్గ సంగతి అది.

మొదటి నడక టెక్కలి వైపు. టెక్కలి మండలంలోని తేలినీలాపురం నౌపడా జంక్షన్‌కు దగ్గర్లోని చిన్న ఊరు. ఇక్కడి చింతచెట్ల మీద, ఊరి నడుమ, ఇళ్ల పెరళ్లలో గూడబాతులు, అంటే పెలికాన్లు, వాటితో పాటు పెయింటెడ్ స్టార్క్ అనే ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. వానలు వెనకబట్టే రోజుల్లో వచ్చి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, వేసవి ముదిరేలోగా వెళ్లిపోతాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లోనూ పత్రికల్లోనూ తరచు వినిపించే మాట. అది నిజం కాదు. మచ్చల గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ దక్షిణాసియా పక్షులు. నీరు, చేప ఎక్కడ దొరికితే అక్కడికి ఈ ప్రాంతంలోనే ఒక చోటి నుంచి మరో చోటికి మారుతుంటాయి. సైబీరియా కథ కంటే అసలు సంగతే గొప్పది. ఇంత పెద్ద పక్షి, రెక్కలు చాస్తే దాదాపు రెండున్నర మీటర్లు, మనుషుల ఇంటికప్పుల పైనే పిల్లల్ని పెంచుకుంటోందంటే ఆ ఊరివాళ్లు తరతరాలుగా దాన్ని కొట్టకుండా, తరమకుండా ఉన్నారన్నమాట. పక్షులు రాని ఏడు మంచిది కాదని అక్కడ నమ్ముతారు. చేపల కంపు, చెట్టు కింద తెల్లటి రెట్ట, రాత్రంతా అరుపులు, ఇవన్నీ భరించి చేస్తున్న రక్షణ అది.

తేలినీలాపురంలో నడక చిన్నదే. ఊరంతా తిరిగినా నాలుగైదేళ్ల పిల్లలు అలిసిపోరు. అయితే గూళ్లున్న చెట్టు కింద చప్పట్లు కొట్టడం, టపాసులు పేల్చడం, డ్రోన్ ఎగరేయడం చేయకూడదు. బెదిరిన తల్లి లేచిపోతే గూటిలోని పిల్ల కింద పడే ప్రమాదం ఉంది. పడిన పిల్ల మళ్లీ గూడెక్కదు. బైనాక్యులర్ ఉంటే దూరం నుంచే తల్లి గొంతుసంచిలోకి పిల్ల తలంతా దూర్చి చేప తినడం కనిపిస్తుంది. ఉదయం ఏడు, ఎనిమిది గంటల వేళ మేతకు వెళ్లివచ్చే పక్షుల రాకపోకలు ఎక్కువ.

అవి మేతకు వెళ్లేది నౌపడా చిత్తడికీ, సంతబొమ్మాళి మండలంలోని తంపరకీ. పక్షి శాస్త్రజ్ఞులు గూళ్ల ఊరినీ ఆ చిత్తడినీ కలిపి ఒకే ముఖ్యమైన పక్షి స్థావరంగా లెక్కించారు. చెట్లు ఎంత భద్రంగా ఉన్నా, తంపరలో చేప లేకపోతే గూళ్లు ఖాళీ అవుతాయి. కాబట్టి కుటుంబంతో వచ్చినవాళ్లు చెట్లు చూసి వెనుదిరగకుండా నౌపడా ఉప్పు మళ్ల దాకా వెళ్లడం మంచిది. మళ్ల మధ్య గట్లు వెడల్పుగా, చదునుగా ఉంటాయి. సముద్రపు పాయ నుంచి వచ్చిన నీటిని ముందు పెద్ద మడుల్లో నిలబెడతారు. సముద్రపు నీటిలో ఉప్పు నూటికి మూడున్నర పాళ్లు మాత్రమే. ఎండకు నీరు ఆవిరై చిక్కబడే కొద్దీ మడి నుంచి మడికి మారుస్తారు. సున్నం, జిప్సం లాంటివి ముందే అడుగున దిగిపోతాయి. ఆఖరి చిన్న మడుల్లో ఉప్పు గళ్లుకడుతుంది, దాన్ని గట్టు మీదికి లాగి తెల్లటి కుప్పలు పోస్తారు. బడిలో చదివిన స్ఫటికీకరణం పిల్లల కళ్ల ముందే జరుగుతుంది. ఈ పని జనవరి నుంచి వానల దాకా సాగుతుంది. మళ్లలోకి దిగరాదు, పారతో చదును చేసిన అడుగు ఒక్క అడుగుముద్రతో పాడవుతుంది. పనివాళ్లు మిట్టమధ్యాహ్నం ఆ తెలుపు మీద ఎండ కాంతిలో కష్టపడుతుంటారు. వాళ్ల ఫొటో తీయాలంటే ముందు అడగాలి.

ఇక్కడి రైలుమార్గం కూడా చూడదగ్గదే. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో సన్నరైలు మొదలైంది. పర్లాకిమిడి రాజులు వేయించిన ఆ మార్గం తరువాత గుణుపురం దాకా సాగి, ఆ తర్వాత బ్రాడ్ గేజ్‌గా మారింది.

నౌపడాకు తూర్పున భావనపాడు తీరం. సంతబొమ్మాళి మండలంలోని మూలపేట దగ్గర ఓడరేవు నిర్మాణానికి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. లారీలు, యంత్రాలు తిరిగే దారుల్లో పిల్లలతో నడక క్షేమం కాదు కనుక ఆ వైపు ముందుగా విచారించుకుని వెళ్లాలి. ఒక సంగతి గమనించదగ్గది: ఉత్తరానికి కదిలే ఇసుకను సముద్రంలోకి కట్టిన గోడ ఆపితే, గోడకు దక్షిణాన ఇసుక పెరుగుతుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. చెన్నై రేవు కట్టాక దాని ఉత్తరాన జరిగింది అదే. రానున్న ఏళ్లలో ఉద్దానం ఊళ్లు శ్రద్ధగా కొలుచుకోవలసిన విషయమిది.

రెండో నడక పలాస నుంచి. వజ్రపుకొత్తూరు మండలంలోని అక్కుపల్లి తీరాన్ని శివసాగర్ బీచ్ అంటారు. కార్తీకంలో వనభోజనాలకు బళ్లు కట్టుకుని వెళ్లే చోటు. బీచ్ దాకా బండిలో పోయి దిగడం కన్నా, ఊరి దగ్గరే దిగి చివరి రెండు కిలోమీటర్లు తోటల్లోంచి నడవడం మేలు, ఎందుకంటే ఉద్దానం అంటే ఆ తోటలే. కొబ్బరి కింద పనస, పనస పక్కన జీడిమామిడి, కంచెగా మొగలి. జీడిమామిడి ఈ దేశపు చెట్టు కాదు. బ్రెజిల్ నుంచి పోర్చుగీసులు తెచ్చారు. ఇసుక నేలలో, ఉప్పుగాలిలో అది నిలదొక్కుకున్న తీరు చూస్తే ఇక్కడే పుట్టిందనిపిస్తుంది. సంక్రాంతి దాటాక పూత, మార్చి నుంచి పండు. పండు కింద వేలాడే పిక్కను పిల్లలు కొరకకుండా చూసుకోవాలి. తొక్కలోని నూనె తగిలితే పెదాలు, చర్మం బొబ్బలెక్కుతాయి. పిక్కను కాల్చో ఆవిరి పట్టో పగలగొట్టి, పైపొర ఒలిచి, పలుకుల్ని పరిమాణం ప్రకారం వేరుచేసే పని పలాస, కాశీబుగ్గల్లో వేల కుటుంబాలకు జీవనాధారం. డబ్ల్యూ-320 రకమంటే పౌనుకు 300 నుంచి 320 గుండ్లు తూగేది. అంకె తగ్గే కొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ.

తోటలు దాటితే సరుగుడు వనం. తుపాను గాలికి అడ్డుగా తీరం పొడవునా పెంచిన చెట్లివి. వేళ్లలో ఉండే సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని వాడుకోగలదు కాబట్టి సారంలేని ఇసుకలోనూ సరుగుడు ఏపుగా పెరుగుతుంది. రాలిన సూదులాకులు కింద మెత్తగా పరుచుకుని ఉంటాయి. ముసలివాళ్లు కూర్చుని సేదతీరడానికి ఇంతకంటే మంచి నీడ ఈ తీరంలో లేదు. వనం దాటగానే దిబ్బ. దాని మీద ఊదారంగు పూలతో పాకే బాలబంద తీగ, బంతిలా గుండ్రటి ముళ్లగింజల గుత్తితో గాలికి దొర్లిపోయే గడ్డి, రెండూ ఇసుకను పట్టి ఉంచే మొక్కలు. పిల్లలు తీగ పీకితే ఆ చోటు నుంచి దిబ్బ గాలికి జారడం మొదలవుతుంది. మోటారు సైకిళ్లు, జీపులు దిబ్బ మీద తోలడం అంతకన్నా కీడు.

నీటి అంచున తడి ఇసుకలో ఎర్ర పీతలు, అవి తవ్విన కన్నాలు, అలల్లో దూరాన తెప్పలు. తెల్లవారుజామున వెళితే అలివి వల లాగడం కనిపిస్తుంది. ఒక కొస ఒడ్డున ఉంచి, పడవ మీద వలను అర్ధచంద్రంలా సముద్రంలో తిప్పి, రెండో కొస మరోచోట ఒడ్డుకి తెస్తారు. తర్వాత రెండు జట్లు కలిసి లాగుతాయి. చెయ్యి వేస్తామంటే వద్దనేవాళ్లు తక్కువ, పిల్లలకు ఆ తాడు పట్టుకోవడమే పండగ. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది.

ఈ సముద్రంలో స్నానం ప్రమాదకరం, దీన్ని కప్పిపుచ్చి చెప్పడం మంచిది కాదు. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా ఎక్కడో ఒక సందులోంచి వేగంగా వెనక్కి పోతుంది. ఆ సందులో అలలు విరగవు, నీరు కాస్త నల్లగా, పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. తెలియనివాళ్లు అక్కడే దిగుతారు. చిక్కుకున్నవాళ్లు ఒడ్డుకు ఎదురీదితే అలిసి మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. పిల్లలకు మోకాలి లోతు మించి అనుమతి లేదని బయల్దేరే ముందే చెప్పడం పెద్దల బాధ్యత. పెద్ద అలల హెచ్చరికలను హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ప్రతిరోజూ ఇస్తుంది.

మూడో నడక బారువ, సోంపేట వైపు. మహేంద్రగిరి పుట్టిల్లయిన మహేంద్రతనయ నది బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. బారువ ఒకప్పటి రేవు ఊరు. దీపస్తంభం ఉంది, విశాలమైన ఇసుక ఒడ్డుంది, ఊరి చుట్టూ కొబ్బరి. నదీముఖంలో ఇసుక మెత్తగా కుంగుతుంది కనుక ఆ చివరికి పిల్లల్ని పంపకూడదు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ ఈ ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి గుంట తవ్వి ఒక్కొక్కటీ నూరు, అంతకుపైన గుడ్లు పెడతాయి. నక్కలు, కుక్కలు తినకుండా అటవీశాఖ వాటిని సేకరించి, కంచె వేసిన చోట ఇసుకలో పాతిపెట్టి, సుమారు యాభై రోజులకు గుడ్ల నుంచి వచ్చిన పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంది. వదిలే సమయం ముందుగా తెలుసుకుని వెళితే చూడనిస్తారు. తాబేలు పిల్లలు వెలుతురు వైపు పాకుతాయి. చీకట్లో సముద్రం మీది మినుకే వాటికి దారి. టార్చి, సెల్‌ఫోన్ లైటు వేస్తే దారితప్పి ఊరివైపు తిరుగుతాయి. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి ఇది. గుడ్డు ముట్టినా నేరమే.

సోంపేట బీల ఈ మొత్తం తీరానికి గుండెకాయ. మహేంద్రగిరి గెడ్డల నీళ్లు ఇక్కడ నిలుస్తాయి. చుట్టుపక్కల ఊళ్లకు వరి, చేప, పశుగ్రాసం, చాపలల్లే జమ్ము అన్నీ ఇదే ఇస్తుంది. ఈ నేలలో థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టాలని తలపెట్టినప్పుడు కాగితాల మీద దీన్ని పనికిరాని బీడుగా చూపారు. రైతులు, మత్స్యకారులు కలిసి అడ్డుకున్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దుచేసింది. సంతబొమ్మాళి వైపు కాకరాపల్లి తంపరలో ఇదే తరహా పోరాటం మీద 2011 ఫిబ్రవరి 28న కాల్పులు జరిగి మళ్లీ ప్రాణాలు పోయాయి. ఈనాడు గట్టు మీద నిలబడి తామరలు, కొంగలు చూసే కుటుంబానికి ఆ సంగతులు తెలిసి ఉండాలి. కొందరు ప్రాణాలు పెట్టి నిలబెట్టిన బయలది. బీల గట్ల మీద డిసెంబరు, జనవరిలో హాయిగా గంట, గంటన్నర నడవచ్చు. బురదలో కాలు దిగే చోట్ల పాములుంటాయి, కాబట్టి చెప్పులకన్నా బూట్లు మేలు.

ఇంకాస్త ఉత్తరాన ఇచ్ఛాపురం మండలంలోని తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు వానాకాలంలో గూళ్లు కడతాయి. వేసవి తర్వాత సెలవు దొరికే కుటుంబాలకు అది తగిన చోటు.

తాగునీటి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఉద్దానంలో దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు ఎన్నో ఇళ్లను కూల్చింది. నీరు, ఎండలో గంటల తరబడి కష్టం, నొప్పి మాత్రలు, లోహాలు ఇలా చాలా వాటిని పరిశోధకులు పరిశీలించారు, ఒకే కారణాన్ని ఎవరూ నిరూపించలేదు. హిరమండలం జలాశయం నుంచి శుద్ధి చేసిన నీటిని ఊళ్లకు తెచ్చే పథకాన్నీ, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రాన్నీ 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఇది అంటుకునే జబ్బు కాదు. ఒక పూట నడవడానికి వచ్చినవాళ్లు భయపడనవసరం లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు వెంట తెచ్చుకుని, దాహం వేయకముందే తాగుతూ ఉంటే చాలు. దారిలో కొబ్బరిబొండాలు దొరుకుతాయి, వాటికి అడిగిన ధర ఇవ్వడం న్యాయం. మందసలో పాలకోవా, వేసవిలో పనసతొనలు పిల్లలకు ఎటూ గుర్తుండిపోతాయి.

ఈ మూడు నడకలకూ రైలు అనువు. నౌపడా, పూండి, పలాస, మందస రోడ్డు, బారువ, సోంపేట స్టేషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఇదే మార్గంలో ఉన్నాయి. ప్రతి స్టేషన్ బయటా ఆటోలుంటాయి. తీరం దగ్గర తిరుగు ఆటో సులువుగా దొరకదు కాబట్టి దిగేటప్పుడే అదే ఆటోని మళ్లీ ఏ వేళకు రావాలో మాట్లాడుకోవాలి. తెచ్చిన ప్లాస్టిక్ సంచులు, సీసాలు తిరిగి తీసుకెళ్లాలి, ఎందుకంటే దిబ్బ మీద వదిలినది వానకి బీలలోకి, అక్కడి నుంచి పశువు కడుపులోకి పోతుంది. చీకటిపడే లోగా తోటలు దాటి రోడ్డెక్కడం అన్ని కాలాల్లోనూ మంచిది.